పదండి అనే మనిషి

ఫిబ్రవరి 24

ఓడిల్ దిగింది. మంచు కింద బతికేవాటి మీద పరిశోధన ఆమెది, ఈ ఉత్తరపు కొసన మా ఊళ్లో ఇది మూడో శీతాకాలం. విమానంలోంచి మనిషి కంటే ముందు పెట్టెలు దిగాయి, పెట్టెల నిండా సీసాలు, ప్రతి సీసా మీదా ఒక నంబరు. నాకీ పుస్తకం ఇచ్చింది. నీళ్లలో పడ్డా తడవదట. మంచు కింద ఏం చూసినా ఇందులో రాయమంది. ఇంత మంచి కాగితాన్ని మంచు గురించి రాసి పాడుచేసుకుంటానా? ఆ రాతలకి కొట్లో కొన్న నోటుపుస్తకం చాలు. ఇది నాది.

వినే పని ఈసారి కూడా సియాసీ పిన్నిదే, అంటే నాదే, అని తన కాగితాల్లో రాసుకుంది. ఇంకెవరిదవుతుంది? పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం బాగా వెనక్కి పోయినప్పుడు ఒడ్డు మంచు కింద ఖాళీ ఏర్పడుతుంది. గునపంతో కన్నం కొట్టి దిగుతాం, ఆల్చిప్పలు ఏరుకుంటాం, అరగంటలో పైకొస్తాం. తిరిగొచ్చే నీళ్లు కంటికి కనబడేసరికి ఆలస్యమైపోతుంది, ముందే వినాలి. అందుకని ఒక మనిషి ఏమీ ఏరకుండా నిలబడి వింటుంది. ఆ మనిషి "పదండి" అంటే చేతిలో సగం ఊడిన ఆల్చిప్పనైనా వదిలేసి కదలాలి. ఎదురు చెప్పకూడదు. మొదట అమ్మ వినేది. అమ్మ పోయాక ఇరవై రెండేళ్లుగా నేను. ఇన్నేళ్లలో ఒక్కరి పాదం తడవలేదు.

ఫిబ్రవరి 26

రేడియోలో బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి. మార్చాను. అయినా అంతే. ఊరి రేడియోలో మాట్లాడేవాళ్లకి ఈమధ్య గొంతులో సత్తువ లేదు. సరిగ్గా తినడం లేదు కాబోలు.

మార్చి 1

లిటియా వదిన వచ్చింది. మా ఆయనకి అక్క. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా నన్ను దెప్పే హక్కు మాత్రం ఆమె వదులుకోలేదు. ముందుపళ్లు రెండు ఊడిపోయాయి, దాంతో మాటలన్నీ గాలిలో కలిసిపోతున్నాయి. పాపం, ఆమెకి ఆ సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు, నొచ్చుకుంటుందని.

ఓడిల్ కూడా ఉంది. ఆమెకి మా ముఖాలు ఇప్పటికి పట్టుబడ్డాయి. మొదటి ఏడాది అవునన్నట్టు నేను కనుబొమ్మలెత్తితే "ఎందుకు ఆశ్చర్యపోతున్నారు?" అని అడిగేది. కాదని ముక్కు చిట్లిస్తే "ఏదైనా వాసన వస్తోందా?" అనేది. ఇప్పుడు తనూ కనుబొమ్మలతోనే మాట్లాడుతోంది. ఎంత హాయైన పద్ధతి ఇది! ఎవరేమన్నా ఒకసారి కనుబొమ్మలెత్తితే సరి, వాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు.

వదిన కూడా అలాగే సంతోషంగా లేచింది. లేస్తూ పొయ్యి మీద ఉన్న నా పెద్ద గిన్నె చంకన పెట్టుకుంది.

"అదెక్కడికి?" అన్నాను.

నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇప్పుడే కదే మరదలా, ఇస్తావా అంటే కనుబొమ్మలెత్తావు. మాట మీద నిలబడు."

గిన్నె పోయింది. నోరు విప్పి అడగకుండా నోట్లో గొణిగితే నాకెలా తెలుస్తుంది?

మార్చి 2

తుమాసీ ఈమధ్య నా ముందుకొచ్చి, నా ముఖంలోకి చూస్తూ నిదానంగా మాట్లాడుతున్నాడు. ముప్పై నాలుగేళ్లకి కొడుక్కి మర్యాద తెలిసింది.

మార్చి 6

పౌర్ణమి నిన్న. ఇవాళ పొద్దున్నే వెళ్లాం. తుమాసీ మంచుబండి మీద దింపి, గంటలో వస్తానని సీల్ వేటకి పోయాడు. వదిన కూడా బండెక్కింది. ఆమె మోకాలు వంగదు, కిందికి దిగేది లేదు, ఎందుకొచ్చినట్టో! "ఇక్కడ గాలి బాగుంటుంది" అంది. మైనస్ ముప్పై డిగ్రీల చలిలో గాలి బాగుంటుందట. కన్నం పక్కన జింక తోలు పరుచుకుని, గునపం పక్కన పెట్టుకుని కాపలావాడిలా కూర్చుంది.

కింద మామూలే. ఉప్పు వాసన, పాచి మీద జారుడు, నెత్తిన మంచు ఉండుండి కిర్రుమనడం. పైకప్పు ఇంకా పలచటి టీ రంగులోనే ఉంది. ఏప్రిల్‌కి మరిగిన టీ రంగుకి వస్తుంది. మంచు అడుగున పట్టే ఆ గోధుమరంగు పాకుడంటే ఓడిల్‌కి ప్రాణం. గీకి సీసాలో వేసుకుంటుంది. అందులో మేసే చిట్టి పురుగులకి అన్నం తినిపించడమొక్కటే తక్కువ. ఈ ఏడు ఆల్చిప్పల మధ్య గుంటల్లో నీళ్లు కూడా పడుతోంది. ఆల్చిప్పలు వదిలిన నీళ్లు పైకి చేరి పాకుడుకి ఎరువవుతున్నాయా, ఆ పాకుడు రాలి మళ్లీ ఆల్చిప్పలకి తిండవుతోందా అన్నది ఆమె తేల్చుకోవాలి. పైకప్పు ముదురుగా ఉన్నచోటే కింద ఆల్చిప్పలు బలుస్తాయని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. అమ్మ దగ్గర సీసాలు లేవంతే.

నేను రాతి మీద నిలబడి విన్నాను. నీళ్ల చప్పుడు ఈసారి ఇంకా రాలేదు. పైన మంచు మందంగా ఉంది కదా, చప్పుడు అందులో ఇంకిపోతుంది. అంతలో పాదాల కింద రాయి అదిరింది. మూడుసార్లు. పైన వదిన గునపంతో మంచుని బాదుతోంది. తల పైకెత్తితే కన్నంలో ఆమె ముఖం, చేతిలో కప్పు ఊపుతోంది. టీ అయిందట! నీళ్ల కోసం వింటున్న మనిషిని టీకి పిలుస్తారా ఎవరైనా? ఎలాగూ పిలిచింది కదా అని "పదండి" అన్నాను. ఓడిల్‌ని ఎక్కించి నేనూ ఎక్కానో లేదో, కన్నం అడుగున నీళ్లు నల్లగా మెరిశాయి. చూశారా ఎంత సరిగ్గా చెప్పానో!

తీరా చూస్తే వదిన పొయ్యి వెలిగించనే లేదు. ఆమెకి వయసు మీద పడింది.

టీ కాగేలోపు ఓడిల్ తన సీసాల గురించి వదినకి చెప్పింది. వదిన శ్రద్ధగా విని, "అంటే ఇంత దూరం వచ్చి ఆల్చిప్పల ఉచ్చ పడుతున్నావన్నమాట. మీ అమ్మకి తెలుసా?" అంది.

"తెలుసు. ఆవిడ చాలా గర్వపడుతున్నారు" అంది ఓడిల్, పుస్తకంలో ఉన్నట్టు.

మార్చి 12

ఊరి ఆసుపత్రికి చెవులు చూసే డాక్టరమ్మ వచ్చిందట. తుమాసీ చెప్పాడు. నాకు తోలు గీకే పనుంది అన్నాను. మధ్యాహ్నం వదిన వచ్చి, "నా చెవులు చూపించుకోవాలే, ఒక్కదాన్నీ వెళ్లాలంటే భయం, తోడు రా" అంది. నిద్రలో కూడా ఇంటి వెనక నక్క నడిస్తే లేచి కూర్చునే మనిషికి చెవులు చూపించుకోవడమేమిటి? నేను వెళ్లలేదు. చివరికి తనే కుంటుకుంటూ వెళ్లొచ్చింది. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారట. మరి ముఖం అలా వేలాడేసుకుని ఎందుకొచ్చిందో.

మార్చి 21

రాయాలి. తప్పదు.

నిన్న అమావాస్య. ఇవాళ సముద్రం చాలా దూరం పోయింది. ఓడిల్ కొత్తచోటు అడిగింది, కొండరాయి అవతల. అక్కడ కింద రాయి కాదు, ఇసక. ఇద్దరమే దిగాం. వదిన పైన తన తోలు మీద కూర్చుంది. నేను దీపం పట్టుకుని విన్నాను. ఓడిల్ నా వెనక ఏదో అంది. తిరిగి చూసేసరికి నా జవాబు కోసం ఎదురుచూస్తోంది. కనుబొమ్మలెత్తాను. ఆమె నవ్వి, సీసాల సంచి తీసుకుని లోపలి సందులోకి పాకింది.

ఎంతసేపయిందో తెలియదు. అంతా ప్రశాంతంగా ఉంది. చాలా ప్రశాంతంగా ఉంది. భుజం మీద చేయి పడింది. వదిన! మోకాలు వంగని మనిషి నిచ్చెన దిగి నా పక్కన ఉంది. ఆమె నోరు పెద్దగా కదులుతోంది. దీపం దించి చూస్తే నా బూట్ల చుట్టూ నీళ్లు.

"ఓడిల్ ఏదీ?" అంటోంది. అది ఆమె పెదవుల మీద చదివాను.

సందులోకి నేనే పాకాను. ఓడిల్ బోర్లా పడుకుని సీసా నింపుకుంటోంది, అవతల నీళ్లు తన కాళ్లకి తగులుతున్నా నా మాట కోసమే చూస్తోంది. నేను పదండి అనలేదు కదా మరి. కాలర్ పట్టుకుని లాగాను. సంచి పోయింది. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ల లోతు. ముందు ఓడిల్‌ని తోశాం, తర్వాత వదినని నేను కింద నుంచి ఎత్తాను, పైన ఓడిల్ లాగింది. ఆ పరిస్థితిలో కూడా వదిన "ఎక్కడ పట్టుకుంటున్నావే?" అనే ఉంటుంది, ముఖం చూస్తే అలాగే ఉంది.

తుమాసీ వచ్చేసరికి ఓడిల్ బూట్లలో నీళ్లు గడ్డకడుతున్నాయి. ఏమైందన్నాడు. ఓడిల్ ఏడుస్తూ చెప్పింది, "ఇంకో పది నిమిషాలు ఉండవచ్చా, లోపలికి వెళ్లవచ్చా అని అడిగాను. పిన్ని అవునన్నారు. నేనే తప్పుగా అడిగి ఉంటాను. మీ భాష నాకు సరిగా రాదు."

తుమాసీ నా వంక చూశాడు. వదిన నా వంక చూసింది.

నేను నా చేతితొడుగులు దులుపుకున్నాను.

మార్చి 22

ఇవాళ రాయడానికేమీ లేదు.

మార్చి 23

ఓడిల్‌కి భాష సరిగా రాదు. ఊరందరికీ తెలిసిన సంగతే.

మార్చి 24

వేటగాళ్ల సంఘం కూర్చుంది. మంచు కిందికి ఓడిల్ ఇక దిగకూడదన్నారు. మాట అర్థంకాని మనిషిని దింపితే ప్రాణాలు పోతాయన్నారు. సంఘంలో తుమాసీ కూడా ఉన్నాడు. ఏప్రిల్ పౌర్ణమికి పాకుడు బాగా ముదురుతుంది, ఆ నీళ్లు లేకపోతే ఆమె మూడేళ్ల పనికి తలా తోకా ఉండదు. ఒకటో తారీఖు విమానానికి వెళ్లిపోతోంది.

వినే మనిషి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

మార్చి 26

ఓడిల్ వచ్చింది. పెనం రొట్టె తనే కాల్చి తెచ్చింది, ఒక పక్క మాడింది. నా ఎదురుగా కూర్చుని, కిటికీ వెలుతురు ముఖం మీద పడుతుండగా, ఆ మాట మళ్లీ అంది. "ఇంకో పది నిమిషాలు ఉండవచ్చా? లోపలికి వెళ్లవచ్చా?"

"ఇందులో తప్పెక్కడుందో చెప్పండి పిన్నీ. వచ్చే ఏడాదికైనా దిద్దుకుంటాను."

తప్పు లేదు. ప్రతి మాటా ఉతికి ఆరేసినంత శుభ్రంగా ఉంది. మా తుమాసీ కూడా అంత చక్కగా అడగడు.

"బాగానే ఉంది" అన్నాను.

"మరి అక్కడ ఎందుకు తప్పింది?"

తెలియదన్నట్టు ముక్కు చిట్లించాను. చేపల పులుసు పోశాను. ఆమె రెండు గిన్నెలు తాగింది. నాది తిరిగి కుండలో పోసేశాను.

మార్చి 28

సీల్ మాంసం కోస్తున్నాను. ఎందుకో తల తిప్పితే వెనక వదిన నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఎప్పుడొచ్చావు?"

"చాలాసేపయింది. ఇందాకట్నుంచి నీ వెనక నిలబడి నిన్ను తిడుతున్నాను. మీ పుట్టింటివాళ్లని కూడా వదల్లేదు. ఒక్కదానికీ ఉలకవు."

"ఏమని తిట్టావు?"

"మళ్లీ మొదట్నుంచీ తిట్టడానికి నాకు ఓపిక లేదే."

నేను కత్తి కింద పెట్టాను. వదిన నవ్వలేదు. కుర్చీ నా ముందుకి లాక్కుని, మోకాలు చాపుకుని కూర్చుంది.

"పోయిన శరదృతువులో బాతులు మన నెత్తిమీంచి వెళ్లాయి. వందల బాతులు, గోలగోలగా. ఊరంతా తలెత్తి చూసింది. నువ్వు తల దించుకుని కాయలు ఏరుకుంటున్నావు. ఆరోజే తెలిసింది నాకు. అప్పట్నుంచీ నీ చెవులు నేను మోస్తున్నాను, ఈ పాడు మోకాలితో. కాకపోతే ఆ చలిలో నాకేం పనే అక్కడ? రాతి మీదైతే గునపం దెబ్బ నీ కాళ్లకి తెలిసేది, మొన్న ఇసకలో ఎంత బాదినా తెలియలేదు."

"నా చోటు నీకు కావాలి, అందుకే ఈ మాటలన్నీ" అన్నాను. అరిచాను అనుకుంటా, వదిన వెనక్కి జరిగింది.

"నాకా? మొన్న ఒకసారి దిగితే నన్ను పైకి తేవడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చింది." లేచింది. తలుపు దగ్గర తిరిగి, నాకు కనబడేలా నిలబడి అంది, "చెవులు పోతే పోనీ సియాసీ. ఆ పిల్లని పోనివ్వకు."

వెళ్లిపోయింది.

నాకు భయంగా ఉంది. ఇంతకుముందు ఈ మాట ఎక్కడా రాయలేదు. ఈ ఊళ్లో నేనంటే అమ్మ చెవులొచ్చిన సియాసీ. అవి లేకపోతే నేనెవర్ని? రోజంతా తోలు గీకే ఓ ముసలిదాన్ని. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. మొన్న అంత ప్రశాంతంగా ఉందనుకున్నానే, అప్పుడు నీళ్లు ఎంత గోల చేస్తున్నాయో!

మార్చి 30

ఊరి రేడియో గదికి వెళ్లాను. రేడియో చూసుకునే జోబీ ఎవరిదో పుట్టినరోజు పాట వేస్తున్నాడు. మైకు నా ముందుకి లాక్కున్నాను.

"నేను సియాసీని. అందరూ వినండి. ఓడిల్ మన భాష తప్పు మాట్లాడలేదు. మంచు కింద ఆమె సరిగ్గానే అడిగింది. నాకు వినబడలేదు. వినబడకుండానే కనుబొమ్మలెత్తాను. నా చెవులు పోయి చాలా రోజులైంది. ఆ పిల్ల తప్పంతా తన మీద వేసుకుంటుంటే నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఇక మంచు కింద వినే పని నేను చెయ్యను."

ఫోను దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. జోబీ తీసి వింటున్నాడు. నాకెలా వినబడుతుంది? వాడు బింగో కాగితం వెనక రాసి నా ముందు పెట్టాడు.

మొదటిది: "తెలుసు."

రెండోది: "మాకూ తెలుసు."

మూడోది: "తెలుసు కానీ నీ రేడియో తగ్గించు. మూడు ఇళ్ల అవతల మేం మా రేడియో పెట్టుకోవడం మానేశాం."

నాలుగోది మళ్లీ తెలుసు. ఐదో ఆమె దగ్గర, నేనిచ్చానని నాకే తెలియని వస్తువేదో ఉందట, తిరిగి తెచ్చిస్తానంది. ఆరు నెలలుగా కనుబొమ్మలెత్తుతూ ఎన్ని దానం చేశానో. చివరి కాగితం మీద జోబీ పెద్ద అక్షరాలతో రాశాడు: "తుమాసీ. అమ్మా, అక్కడే ఉండు, బండి తెస్తున్నా."

ఏడ్చాను. నవ్వాను కూడా. జోబీ మైకు ఆపడం మరచిపోయాడట, అదంతా ఊరు విన్నది.

మార్చి 31

సంఘం మళ్లీ కూర్చుంది. వదిన కూడా వెళ్లింది. తుమాసీకి పెట్టింది మా మామగారి పేరు, కాబట్టి మా లెక్కలో వాడు ఆమెకి తండ్రి. ఎప్పుడేం కావాలన్నా ఆ చుట్టరికం బయటికి తీస్తుంది. "నాన్నా, నీ కూతురు ఇంత వయసులో మోకాలు నొప్పితో వచ్చి అడుగుతోంది, కాదంటావా?" అందట నలుగురి ముందూ. వాడి ముఖం కందగడ్డలా అయిపోయిందట.

వదిన పైన కూర్చుని వింటుంది. నా నడుముకి తాడు, తాడు రెండో కొస ఆమె చేతిలో. రెండుసార్లు లాగితే పదండి అని. ఆ మాట కింద నేనంటాను. ఓడిల్ నా ముందే ఉండాలి, వెనక కాదు. ఏదైనా అడిగితే దీపం తన ముఖం మీద పెట్టుకుని అడగాలి. సంఘం ఒప్పుకుంది.

ఓడిల్ పెట్టెలు విప్పేసింది. నాతో ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. నా మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తిట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

ఏప్రిల్ 2

చెవుల డాక్టరమ్మ మళ్లీ జూన్‌లో వస్తుంది. చెవిలో పెట్టుకునే మిషను ఇస్తారట. పేరు రాయించాను. వదిన గిన్నె తిరిగి ఇచ్చింది. అడుగు మాడ్చేసింది.

ఏప్రిల్ 6

పైకప్పు మరిగిన టీ రంగులో ఉంది. నిజంగానే ఆల్చిప్పల గుంపు మీద మరీ ముదురుగా ఉంది, పక్కకి పోయేకొద్దీ పలచన. ఓడిల్ దీపం తన ముఖం మీద పెట్టుకుని, "మీ అమ్మగారు చెప్పింది నిజం పిన్నీ" అంది. సీసాలన్నీ నిండాయి. కింది గుంటలవి, నడిమివి, పైకప్పువి. ఇక పరీక్ష చేసి ఎవరు ఎవరికి తిండి పెడుతున్నారో చెబుతుందట. ఒకరికొకరు పెట్టుకుంటున్నారని నేనిప్పుడే చెప్పగలను.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి మంచు కింద నాకు ఆల్చిప్పలు ఏరే తీరిక దొరికింది. కొండరాయి పక్కన ఒకటి కనబడింది, నా అరచెయ్యంత. దాన్ని ఊడదీస్తున్నాను. సగం ఊడింది.

నడుం దగ్గర తాడు రెండుసార్లు లాగింది.

చుట్టూ ఎంత ప్రశాంతంగా ఉందో! నీళ్ల జాడ ఎక్కడా లేదు. ఇంకొక్క తిప్పు తిప్పితే ఊడి వస్తుంది. వదినకి తొందరెక్కువ అనిపించింది. ఆ అనిపించిన క్షణంలోనే మొన్నటి ప్రశాంతత గుర్తొచ్చింది. వదిలేశాను.

"పదండి" అన్నాను.

ఓడిల్ ఎక్కింది, నేను ఎక్కాను. వదిన తోలు మీద తాడు చుట్టుకుంటూ, నాకేసి ముఖం తిప్పి తీరిగ్గా అంది, "ఏం లేదే. టీ అయింది."

కన్నంలోకి వంగి చూశాను. నేను వదిలిన ఆల్చిప్ప ఉన్నచోట నల్లటి నీళ్లు తిరుగుతున్నాయి. పొయ్యి వంక చూశాను. వెలిగించనే లేదు.

ఖాళీ కప్పు చేతిలోకి తీసుకుని వదిన పక్కన కూర్చున్నాను.

"బాగుంది వదినా టీ" అన్నాను.

ఆమె కనుబొమ్మలెత్తింది.